పూత మీదున్న కొమ్మ

పూత మీదున్న కొమ్మని కోసి నాటొద్దని మా కడియం నర్సరీల్లో పనిలో కొత్తగా చేరిన కుర్రాడికి కూడా చెప్తారు. మందారమైనా, కాగితం పువ్వయినా, నూరు వరహాలైనా అంతే. కొమ్మ మరీ లేతగా ఉండకూడదు, మరీ ముదిరిపోకూడదు, మొగ్గ లేని చోట చూసి కొయ్యాలి. తప్పక మొగ్గ ఉన్నదే కోయాల్సొస్తే ముందు ఆ మొగ్గ గిల్లి పారేయాలి. లేకపోతే కొమ్మలో ఉన్న సత్తువంతా పువ్వుకే పోతుంది, అడుగున వేరు పుట్టదు. అలాంటిది పూత ఆఖరికొచ్చి, ఇంకో వారం పది రోజుల్లో కోతకి వచ్చే మొక్కల నుంచి కావాలని కొమ్మలు కోసి నాటేవాళ్ళున్నారని తెలిసింది. అమెరికా దాకా వెళ్ళి అది చూడకుండా తిరిగి రావడం నా వల్ల కాలేదు. ఆ మొక్క గంజాయి. ఆ చోటు ఉత్తర కాలిఫోర్నియాలో హంబోల్ట్ కౌంటీ.

మా ఆవిడ మేనల్లుడు శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర్లో ఉంటాడు. వాడి ఆఫీసులో పనిచేసే ఒకతని తల్లి ఆ కొండల్లో నలభై ఏళ్ళకి పైగా ఈ మొక్క పెంచుతోందట. నాకు అంట్లు కట్టడం, కొమ్మలు నాటడం తప్ప వేరే పని రాదని మాటల్లో వచ్చినప్పుడు, అయితే అక్టోబరులో రమ్మను, మా అమ్మ కొమ్మలు కోసేది అప్పుడే అన్నాడట అతను.

“మావయ్యా, తీసుకెళ్తాను. కానీ నేను కారు దిగను,” అన్నాడు మావాడు.

“ఏరా, చూస్తే పట్టుకుంటారా?”

“చూస్తే పట్టుకోరు. రేపు గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే ముట్టుకోలేదని చెప్పగలగాలి కదా!”

వాడి భయంలో అర్థముంది. కాలిఫోర్నియాలో 1996లోనే ఓటర్లు మందు కింద గంజాయికి ఒప్పుకున్నారు. 2016లో మళ్ళీ ఓటేసి, 21 ఏళ్ళు నిండిన వాళ్ళు ఇంటికి ఆరు మొక్కల దాకా పెంచుకోవచ్చని చట్టం చేసుకున్నారు. 2018 జనవరి 1 నుంచి దుకాణాల్లో అమ్మకం కూడా మొదలైంది. అయితే ఇదంతా రాష్ట్రం మాట. కేంద్ర చట్టం దృష్టిలో అది నేరంగానే ఉండిపోయింది. వీసాలు, పౌరసత్వాలు చూసేది కేంద్రం. అందుకని హెచ్-1బి మీదున్న మన పిల్లలు ఆ దుకాణం ముందు నిలబడి ఫొటో దిగడానికి కూడా జంకుతారు. నాది విజిటర్ వీసా. చేతులు వెనక్కి కట్టుకుని చూస్తానని మావాడికి మాటిచ్చాను. అంటు కత్తి పట్టిన చేతులకి అది చిన్న శిక్ష కాదు.

గోల్డెన్ గేట్ వంతెన దాటాక 101 హైవే పట్టుకుని పైకి పోవడమే. శాంటా రోజా దాకా ఊళ్ళు, యూకియా దాకా ద్రాక్షతోటలు. విల్లిట్స్ దాటాక దారి సన్నబడి కొండల్లో మెలికలు తిరుగుతుంది. ఈల్ నది పక్కనే ఉంటుంది గానీ వానలు పడకముందు చూస్తే ఏరు కూడా కాదు, రాళ్ళ మధ్య అక్కడక్కడా మడుగులు. గార్బర్‌విల్‌లో రాత్రికి ఆగాం. చిన్న ఊరు, ఒకటే పెద్ద వీధి. ఆ వీధిలో సగం కొట్లు పైపులు, మట్టి బస్తాలు, నీళ్ళ ట్యాంకులు, షేడ్‌నెట్లు అమ్మేవే. కడియపులంకలో హైవే పక్క కొట్లలో దొరికే సరుకే దాదాపు అంతా ఉంది. కొన్ని కొట్లు మూసేసి ఉన్నాయి.

సాయంత్రం వెలుతురుండగానే ‘అవెన్యూ ఆఫ్ ద జయంట్స్’ అనే పాత రోడ్డు చూడ్డానికి వెళ్ళాం. 31 మైళ్ళ పొడవునా రెడ్‌వుడ్ చెట్లే. వంద మీటర్లు దాటి పెరిగే చెట్ల కింద మెడ నొప్పి పుట్టేలా చూడ్డం అందరూ చేసే పనే. నేను చూసింది మొదళ్ళు. పాత రోజుల్లో కలప కోసం కొట్టేసిన మోడు చుట్టూ గుండ్రంగా, చెయ్యీ చెయ్యీ పట్టుకున్నట్టు, కొత్త చెట్లు లేచి ఉన్నాయి. ఇవి విత్తనం చెట్లు కావు. మొదట్లో నిద్రపోతున్న కళ్ళు, నరికేశాక మేలుకుని పైకి వచ్చినవి. మధ్యలో మోడు కుళ్ళి మాయమైపోతుంది, చుట్టూ వలయం మిగిలిపోతుంది. అంటే ఆ వలయంలో ఉన్న చెట్లన్నీ ఒకే చెట్టు. ఫౌండర్స్ గ్రోవ్‌లో 1991లో కూలిన డయర్‌విల్ జయంట్ అలాగే పడి ఉంది. దాని వేళ్ళ గుత్తి మా ఇంటి కన్నా ఎత్తుగా ఉంది. మావాడు ఇక్కడ మాత్రం కారు దిగాడు.

మర్నాడు పొద్దున్నే కొండెక్కాం. తారు అయిపోయి ఎర్రమట్టి, మట్టి అయిపోయి రాళ్ళు. గేటు దగ్గర ఆమె నిలబడి ఉంది. డెబ్భై దాటి ఉంటాయి. తెల్ల జడ, మగవాళ్ళ చొక్కా, జేబులో చిన్న కత్తెర. మావాడు నమస్కారం పెట్టి, అద్దం ఎత్తుకుని, కారు గేటు బయటే పెట్టి కూర్చున్నాడు. ఆమెకి అది వింతగా అనిపించలేదు. అలాంటి భయస్తుల్ని చాలామందిని చూసి ఉంటుంది. ఒక మగ్గుతో కాఫీ మాత్రం కారు దగ్గరికే తీసుకెళ్ళి ఇచ్చింది.

ఇక్కడ భయానికి పెద్ద చరిత్రే ఉంది. అరవైల చివర, డెబ్భైల్లో పట్నం వదిలేసి, కొట్టేసిన అడవి భూమి చవగ్గా కొనుక్కుని ఈ కొండలెక్కిన యువకుల్లో ఆమె, ఆమె భర్త ఉన్నారు. కూరగాయలతో పాటు నాలుగు గంజాయి మొక్కలు వేసుకున్నారు, తర్వాత అదే బతుకుతెరువైంది. హంబోల్ట్, మెండొసీనో, ట్రినిటీ, ఈ మూడు కౌంటీలకి కలిపి ‘ఎమరాల్డ్ ట్రయాంగిల్’ అని పేరు అలా వచ్చింది. 1983లో ప్రభుత్వం ‘క్యాంప్’ అనే దాడుల కార్యక్రమం మొదలుపెట్టింది. ఏటా కోతల ముందు హెలికాప్టర్లు కొండల మీద తిరిగేవి. పైనుంచి కనబడకుండా ఉండాలని మొక్కల్ని చెట్ల నీడల్లో చెల్లాచెదురుగా పెట్టేవాళ్ళు. “నీడ మొక్క పనికిరాదని తెలుసు, కానీ ఎండ మొక్క జైలుకి పంపేది,” అంది ఆమె నవ్వుతూ. ఇప్పటికీ హెలికాప్టరు చప్పుడైతే తలెత్తి చూస్తుందట.

చట్టం వచ్చాక అయినా బాగుపడ్డారా అంటే అదీ లేదు. 2018లో లైసెన్సు తీసుకుని పన్నులు కట్టడం మొదలుపెట్టారు. ఎండిన పువ్వు మీద ఔన్సుకి 9 డాలర్ల పైచిలుకు సాగు పన్నే ఉండేది. పంట ధర పడిపోయినా పన్ను పడిపోలేదు. 2022 జూలైలో ఆ పన్ను ఎత్తేసేసరికే కొండ మీద చాలా తోటలు ఖాళీ అయ్యాయి. పొలాలు చదును చేసిన పెద్ద కంపెనీలతో రాళ్ళ కొండ మీద ముసలమ్మ ఎలా పోటీ పడుతుంది? ఆమె లైసెన్సు వదిలేసింది. ఇప్పుడు పెంచేవి చట్టం ఇచ్చిన ఆరు మొక్కలే. ఊళ్ళో మూతపడ్డ కొట్ల సంగతి అప్పుడు అర్థమైంది.

వాటిలో తోటలో మిగిలిన ఐదు మొక్కలు చూస్తే మాత్రం ఐదని అనిపించదు. ఒక్కొక్కటి మనిషి కన్నా ఎత్తు, జామచెట్టంత గుబురు. మే నెలలో నేలలో పెట్టిన మొక్క అక్టోబరుకి ఇంత అవుతుంది. దగ్గరికెళ్ళకముందే వాసన తగిలింది. ఒక మొక్క దగ్గర నిమ్మతొక్క, ఇంకో మొక్క దగ్గర కిరసనాయిలు, మూడోదాని దగ్గర వెల్లుల్లి. పువ్వంటే రేకులుండవు. కొమ్మ చివర ఆకుపచ్చ గుత్తి, దాని నిండా వెంట్రుకల్లాంటి కీలాగ్రాలు. ముందు తెల్లగా ఉండి, పూత ముదిరేకొద్దీ నారింజ రంగుకి తిరుగుతాయి. ఆమె భూతద్దం ఇచ్చింది. (భూతద్దం ముట్టుకోవచ్చా అని మావాడిని అడగలేదు.) చూస్తే గుత్తి మీద గాజు పూసల్లాంటి జిగురు బొట్లు లక్షలు. కొన్ని ఇంకా నీళ్ళలా ఉన్నాయి, ఎక్కువ పాలరంగుకి తిరిగాయి, అక్కడక్కడా తేనెరంగు. తేనెరంగు పెరిగితే కోతే.

నేను అడగాలనుకున్నది అడిగాను. కొమ్మలు కావాలంటే జూన్‌లో కోసుకోవచ్చు కదా, మొక్క ఏపుగా ఉంటుంది, కొమ్మ గుచ్చితే వారం పది రోజుల్లో వేరు పడుతుంది. ఇప్పుడు కొయ్యడమేంటి?

ఆమె మాటని నా మాటల్లో చెప్తాను. ఇవి కొమ్మ మొక్కలు కావు, విత్తనం మొక్కలు. రెండు రకాలు కలిపి చేసిన సంకరం విత్తనం. ఆరు గింజలేస్తే ఆరూ ఆరు తీర్లు, ఒక్క తల్లి కడుపున పుట్టినా. ఏది బూజు తట్టుకుంటుందో, దేనికి మంచి వాసనొస్తుందో, ఏది పొగమంచు పడినా కుళ్ళకుండా నిలబడుతుందో జూన్‌లో తెలియదు. పూత ముదిరాకే తెలుస్తుంది. మొక్క మంచిదని తెలిసే రోజుకి అది చచ్చిపోవడానికి సిద్ధంగా ఉంటుంది, ఇది ఏడాది మొక్క కాబట్టి. కోసిన తర్వాత మిగిలేది మోడు. విత్తనం తీసుకున్నా మళ్ళీ అదే గుణం రాదు. ఆ ఒక్క మొక్కని అదే మొక్కగా నిలబెట్టుకోవాలంటే ఉన్న దారి, పనికిరాదని అందరూ చెప్పే సమయంలో పనికిరాని కొమ్మని కోసుకోవడమే. జూన్‌లోనే ముందుజాగ్రత్తగా అన్నిటివీ కొమ్మలు కోసి పెట్టుకుంటే సరిపోదా అంటే సరిపోతుంది. కానీ ఆరుకి ఆరు కలిపి పన్నెండవుతాయి, చట్టం ఆరే అంటుంది. పైగా కొమ్మ మొక్కని చలికాలం దాకా లైట్ల కింద బతికించాలి, కరెంటు బిల్లు ఆమెదే.

నర్సరీ వాడిని కదా, నాకిది పెద్ద మాటే. మా దగ్గర తల్లి మొక్క ఎప్పుడూ చెట్టే. మామిడి గుణం తెలియడానికి ఎన్నేళ్ళు పట్టినా చెట్టు అక్కడే ఉంటుంది, తెలిశాక తీరుబడిగా అంటు కట్టుకోవచ్చు. తెలిసేసరికి చేజారిపోయే మొక్కతో పని ఎప్పుడూ పడలేదు.

ఇక కోత. ఐదింటిలో ఆమె ఎంచుకున్నవి రెండు: నీళ్ళ ట్యాంకు పక్కన ఉన్న వెల్లుల్లి వాసనది, గట్టు మీద ఉన్న నిమ్మ వాసనది. పైకొమ్మల వైపు కన్నెత్తి చూడలేదు. వంగి, మొక్క అడుగున నీడలో ఉన్న సన్న రెమ్మలు వెతికింది. పైన గుత్తులు మోచేయంత ఉంటే అడుగున బఠాణీ గింజంత ఉన్నాయి. ఎండ తగలక పూత వెనకబడ్డ కొమ్మ అది. దానిలో ఇంకా ఎదిగే కన్ను మిగిలి ఉంటుంది, పైకొమ్మలో మిగలదు. ప్రతి కోతకీ ముందు కత్తెరని బ్లీచు నీళ్ళలో ముంచి తీస్తోంది. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి పోయేటప్పుడు చేతి తొడుగులు కూడా మార్చింది. జానెడు రెమ్మ, కణుపు కింద ఏటవాలుగా కోత. అడుగు ఆకులు తీసేసింది, మిగిలిన ఆకుల్ని సగానికి కత్తిరించింది. తర్వాత పువ్వు గుత్తుల్ని ఒక్కొక్కటే గోటితో తీసింది గానీ, కణుపు దగ్గర రెండు చిట్టి ఆకులు మాత్రం వదిలేసింది. మా కుర్రాళ్ళయితే నున్నగా గిల్లేసేవాళ్ళు. “మొత్తం తీసేస్తే చిగురు ఎక్కడినుంచి వస్తుంది? పువ్వున్న చోటి నుంచే రావాలి,” అంది. రెమ్మని వేరు మందు జెల్‌లో ముంచి, తడిపిన పీట్ బిళ్ళలో గుచ్చి, పైన ప్లాస్టిక్ మూత పెట్టింది. మందు మాకూ తెలిసిందే, ఐబీఏ. పువ్వు ముక్క ఒక్కటి మిగిలినా ఆ మూత కింద తేమకి బూజు పట్టి ట్రే మొత్తం పోతుందట. అక్టోబరులో కొమ్మలు పోయేది ఎక్కువగా వేరు రాక కాదు, ఆ బూజుకే.

షెడ్డులో ట్రే పెట్టిన చోట లైటు రోజుకి పద్దెనిమిది గంటలు వెలుగుతుంది. ఈ సంగతి మాత్రం ఆమె చెప్పకముందే నాకు తెలుసు. చిక్కబళ్ళాపురం వైపు రాత్రిపూట బస్సులో పోతే చామంతి చేలల్లో తీగలు కట్టి బల్బులు వెలుగుతుంటాయి. రాత్రి పొడవైతే చామంతి మొగ్గేస్తుంది, బల్బు పెట్టి రాత్రిని విరగ్గొడితే మొగ్గ వేయడం మానేసి ఎదుగుతుంది. పండగ ధరకి పువ్వు అందించడానికి రైతు చేసే కిటుకు. గంజాయిదీ అదే కులం. ఈ కొండల్లో నడివేసవిలో పగలు పదిహేను గంటలుంటుంది, ఆగస్టులో తగ్గుతూ వచ్చేసరికి పూత మొదలవుతుంది. మొక్క కొలిచేది పగటిని కాదు, రాత్రి చీకటిని. ఈ రహస్యం మొదట కనబడింది కూడా ఈ మొక్క దగ్గరే. 1912 ప్రాంతంలో ఫ్రాన్సులో జూలియన్ టూర్న్వా అనే కుర్ర శాస్త్రవేత్త నార కోసం పెంచే గంజాయినీ, హాప్స్‌నీ పెంచుతూ, వెలుతురు గంటలు తగ్గితే తొందరగా పూస్తున్నాయని పట్టుకున్నాడు. 1914లో యుద్ధానికి పోయి చనిపోయాడు. తర్వాత 1920లో అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు పొగాకు మీద పనిచేసి దాన్ని నిలబెట్టారు, పేరు వాళ్ళకొచ్చింది. పూయమనే కబురు ఆకులో పుట్టి కొమ్మ చివరికి పోతుందని తర్వాత తేలింది. కోసిన రెమ్మని చీకటి తక్కువ ఉన్న చోట పెడితే ఆ కబురు ఆగిపోతుంది. కానీ వెంటనే కాదు. అప్పటికే అందిన కబురు ఉంటుంది కదా, అది అరిగేదాకా రెమ్మ పూతకీ ఎదుగుదలకీ మధ్య కొట్టుకుంటుంది.

ఆ కొట్టుకోవడం ఎలా ఉంటుందో చూపించింది. నెల కిందట, తొందరగా పూసిన ఆరో మొక్క నుంచి కోసిన రెమ్మ ఒకటి షెడ్డులో ఉంది. ఆ మొక్కని తర్వాత పెరికేసి దాని చోట ఇంకోటి పెట్టలేదట, లెక్క ఆరుకి సరి. గంజాయి ఆకంటే అందరికీ తెలుసు, ఐదు వేళ్ళో ఏడు వేళ్ళో ఉంటాయి, అంచున రంపపు పళ్ళు. ఈ రెమ్మకి వచ్చిన కొత్త ఆకు ఒంటి వేలు. అంచు నున్నగా, కాస్త మెలి తిరిగి, మెరుస్తూ. పువ్వు తీసేసిన కణుపు దగ్గర నుంచి పొడుచుకొచ్చింది. తెలియనివాడు చూస్తే తెగులనుకుంటాడు. తర్వాత మూడు వేళ్ళ ఆకులొస్తాయి, ఆపైన ఐదు. విత్తనం మొక్క చిన్నప్పుడు వేసే వరసే, మళ్ళీ మొదటి నుంచి. పూత దాకా పోయి వెనక్కొచ్చిన ఈ మొక్కకి ఒక చోట కాకుండా నాలుగైదు చోట్ల చిగుళ్ళు లేస్తాయి, గుబురుగా కమ్ముకుంటుంది. అక్కడి కుర్రకారు దీన్ని ‘మాన్‌స్టర్ క్రాపింగ్’ అని గొప్పగా చెప్పుకుంటూ గుబురు కోసమే పూతలో కొమ్మలు కోస్తున్నారట. ఆమెకది నచ్చదు. గుబురు కావాలంటే జూన్‌లో తల గిల్లితే చాలు, నెల రోజులు పోగొట్టుకోవడం దేనికి అంటుంది. నేనూ ఆమె పక్షమే.

బ్లీచు నీళ్ళ సంగతి అడిగితే ముఖం మారింది. హాప్ లేటెంట్ వైరాయిడ్ అని ఒక సూక్ష్మ జబ్బు. గంజాయిలో ఉందని 2019లో కాలిఫోర్నియాలోనే తేల్చారు. మొక్క చావదు, గిడసబారుతుంది, జిగురు తగ్గుతుంది. కొన్ని మొక్కల్లో పైకి ఏమీ కనబడదు. కత్తెరతో ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది. జబ్బున్న తల్లి నుంచి తీసిన కొమ్మలకి జబ్బు వెంటే వస్తుంది. కొమ్మలతో వ్యాపారం చేసేవాళ్ళకి ఇంతకన్నా కీడు లేదు. విత్తనమైతే గుణం మారుతుంది, కొమ్మయితే గుణంతో పాటు రోగమూ వస్తుంది. బత్తాయి, నిమ్మ అంట్లతో మన దగ్గరా చూస్తున్న గోలే ఇది. ఆమె వేరు పడ్డ ప్రతి రెమ్మ నుంచీ చిన్న ముక్క ల్యాబుకి పంపుతుంది, ఫలితం వచ్చేదాకా ఎవరికీ ఇవ్వదు.

మధ్యాహ్నం వరండాలో రొట్టె, చీజ్ పెట్టింది. మీ దగ్గర ఈ మొక్క ఉంటుందా అని అడిగింది. ఉంటుందన్నాను. పాడేరు కొండల్లో, ఒడిశా సరిహద్దున ఉంటుంది, 1985 నాటి చట్టం కింద పెంచితే జైలు. 2021లో ఆంధ్ర పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో తోటలకి తోటలు నరికించారు. పెంచే గిరిజనుడికి దక్కేది కొంచెం, పట్టుబడితే పోయేది అతనే, డబ్బు కొండ దిగి ఎటో పోతుంది. ఆమె రొట్టె కింద పెట్టి, “ఇక్కడా అంతే జరిగేది, మాకు నేల మా పేరున ఉంది, అదొక్కటే తేడా,” అంది. ఆ ఒక్క తేడా చిన్నది కాదని నాకు అనిపించింది గానీ, ఆమెకి పాడేరు సంగతి విప్పి చెప్పడానికి నా ఇంగ్లీషు చాల్లేదు.

దిగేటప్పుడు మావాడు నా చొక్కా వాసన చూసి, డిక్కీలో ఉన్న ఇంకో చొక్కా తొడిగించి, దీన్ని ప్లాస్టిక్ సంచిలో కట్టేశాడు. చెప్పుల మట్టి కూడా దులిపించాడు.

నేను ఇంటికొచ్చాక చలికాలంలో కబురొచ్చింది, ఆమె కొడుకు మావాడికి, మావాడు నాకు. నిమ్మ వాసన రెమ్మలు మూడు వారాలు దాటాక వేరు పట్టాయి. వెల్లుల్లిది తొందరగానే పట్టింది గానీ ల్యాబు వాళ్ళు వైరాయిడ్ ఉందన్నారు. ఆమెకి అన్నిటికన్నా నచ్చిన మొక్క అదే. ట్రే మొత్తం సంచిలో కట్టి పారేసి, బల్ల కడిగి, కత్తెర కొత్తది కొందట. కబురుతో పాటు నిమ్మ మొక్క ఫొటో, ఒక ప్రశ్న: ఒంటి వేలు చిగుళ్ళు పది పైనే లేచాయి, కడియంలో అయితే అన్నీ ఉంచుతారా, బలమైనవి నాలుగు ఉంచి మిగతావి గిల్లేస్తారా?

నాలుగుంచమని జవాబు రాసి పంపమన్నాను. మావాడు పంపలేదు. “అది సాగు సలహా కిందకొస్తుంది మావయ్యా, నా ఫోన్లోంచి వద్దు, కావాలంటే ఆమెకి ఉత్తరం రాయండి,” అన్నాడు. అడ్రసు మాత్రం పంపాడు.